అలమర తలుపంత గొయ్యి

సర్ఫాక్‌లో నేల తవ్వడమంటే నేలచేత పళ్ళు ఊడగొట్టించుకోవడమే. పైన చెంబెడు మట్టి లేచాక లోకం పుట్టిననాటి మంచు తగులుతుంది. గునపం పోటు ఒక్కొక్కటీ మోచేతిలోంచి భుజానికీ, భుజంలోంచి దవడకీ జివ్వున ఎక్కుతుంది. పలాసిగారి నోట్లో ఎన్ని పళ్ళు మిగిలాయో చూసి ఆయన ఎన్ని గోతులు తవ్వాడో చెప్పగలిగినవాళ్ళు ఆ ఊళ్ళో ఉన్నారు. పళ్ళు తొమ్మిది, గోతులు నూట నలభై ఒకటి. నమ్మనివాళ్ళు వెళ్ళి లెక్కపెట్టుకోవచ్చు. ఇప్పుడు పళ్ళూ గోతులూ ఒక్కచోటే ఉన్నాయి.

పలాసి అంటే ఆ గ్రీన్‌లాండు తూర్పు తీరంలో పాదిరి. అసలు పేరు ఆంటన్ రోస్‌గార్డ్. డెన్మార్కు నుంచి దేవుడి పని మీద వచ్చి, భార్య థోరాని పక్కన పెట్టుకుని, ముప్ఫై ఏళ్ళు అక్కడే ఉండిపోయాడు. మనిషి తెరచాప కొయ్యంత పొడుగు. చర్చి గుమ్మంలో తల వంచకుండా ఏనాడూ లోపలికి రాలేదు. దేవుడికి వంగుతున్నాడనుకుని కొత్తగా మతంలో కలిసినవాళ్ళు మురిసిపోయేవారు. ఆవిడ మరీ పొట్టి. వంటింట్లో రొట్టెల అలమర పక్కన నిలబడితే తలుపేదో పలాసమ్మేదో తెలియదని పిల్లలు పాట కట్టారు. ఆ పాట ఆవిడే అందరికంటే బాగా పాడేది, పిండి పిసుకుతూ.

అక్కడ చలికాలం అక్టోబరులో వచ్చి కూర్చుంటే జూన్ దాకా లేవదు. ఆ మధ్యలో పోయినవాళ్ళకి గొయ్యి తవ్వడం పదిమంది మగాళ్ళ వల్ల కూడా కాదు. అందుకని సెప్టెంబరులోనే, గునపం కాస్త దిగుతుండగానే, వచ్చే జూన్ లోపల ఎందరు పోతారో లెక్కకట్టి అన్ని గోతులూ తవ్వి, పైన చెక్కలు కప్పి ఉంచేవారు. ఆ లెక్క పలాసిది. ప్రార్థన వంకతో ఇల్లిల్లూ తిరిగేవాడు. దగ్గు వినేవాడు, పాదాల వాపు వేలితో నొక్కి చూసేవాడు, ముసలివాళ్ళచేత ఎండు సీలు మాంసం నమిలించి గడియారం చూసుకునేవాడు. ఇంటికొచ్చి ఒక అంకె చెప్పేవాడు. ముప్ఫై ఏళ్ళలో ఆ అంకె ఒక్కసారి కూడా తప్పలేదు. ఒక ఏడు మే నెలాఖరుకి ఒక గొయ్యి మిగిలిపోతే, పలాసి మాట పోతుందేమోనని ఒక ముసలాయన మొహమాటానికి చచ్చిపోయాడంటారు. పక్క రేవువాళ్ళు తమ వేటగాడి ఈటె గురించి కోతలు కోస్తే, సర్ఫాక్ వాళ్ళు తమ పలాసి లెక్క గురించి కోసేవారు.

ఇంకో పద్ధతి ఉంది. గొయ్యి మనిషిని బట్టి. మంచునేలలో బెత్తెడు ఎక్కువ తవ్వితే ఒక పన్ను దండగ కాబట్టి ఎవరిది వాళ్ళ కొలతకే తవ్వేవారు. ఎవరిది ఏదో పలాసికీ ఆయన ఉపదేశి మనాసేకీ తప్ప ఎవరికీ తెలియదని పలాసి నమ్మకం. మనాసేకి తెలిసింది ఊరికి తెలియకుండా ఉంటే గదా.

ఈ మనాసే సంగతి ఒకటి చెప్పుకోవాలి. పదిహేనేళ్ళ కిందట ఒక వేసవిలో అతని తల్లి పోతూ పోతూ, తన తల్లినీ తాతనీ పెట్టినట్టే తననూ మోకాళ్ళు గడ్డం కిందకి మడిచి పెట్టమని అడిగింది. అలా అయితే గొయ్యి చిన్నది సరిపోతుంది, పైగా పుట్టేముందు పడుకున్నట్టే ఉంటుంది. పలాసి పక్క రేవుకి వెళ్ళి ఉండగా కొడుకు చిన్న గొయ్యి తవ్వి అలాగే పెట్టాడు. మూడో రోజున పలాసికి తెలిసింది. దేవుడు పునరుత్థానం రోజున పిలిస్తే క్రైస్తవుడు నిటారుగా లేవాలిగాని కప్పలా గెంతుతాడా అని చర్చిలో అందరిముందూ అడిగి, మనాసేచేతనే గొయ్యి తీయించి, పొడుగు చేయించి, ఆ తల్లి కాళ్ళు ఆ కొడుకుచేతనే చాపించాడు. మనాసే పల్లెత్తు మాట అనలేదు. ఆ ఆదివారం గంట కూడా అతనే కొట్టాడు.

ఈ కథ జరిగిన ఏడు పలాసి చెప్పిన అంకె ఐదు. ఏప్రిల్ గడిచేసరికి నలుగురు పోయారు. ఇద్దరు ముసలివాళ్ళు, ఒక పసిగుడ్డు, మంచు కింద పడ్డ ఒక వేటగాడు. వేటగాడు ఆరోగ్యంగా ఉన్నవాడేగా, అతణ్ణి ఎలా లెక్కేశారని ఎవరో అడిగితే, వాడికి నిదానం లేదు, అదీ ఒక జబ్బే అన్నాడట పలాసి. ఇక మిగిలింది ఒక్క గొయ్యి.

థోరాకి మాత్రం ఆ ఏడు వేరే లెక్క ఉంది. ఓడ. ఏడాదికి ఒక్కటే వస్తుంది. దాన్నెక్కి వెళ్తే ఇరవై రోజుల్లో అక్క అగ్నెటె ఇల్లు, మేడమీద గది, కిటికీ బయట బీచ్ అనే పెద్ద చెట్టు. మే నెలలో దాని ఆకు లేతగా, నమిలి తినేయాలనిపించేలా ఉంటుంది. ముప్ఫై ఓడలు వచ్చిపోయాయి. అడిగినప్పుడల్లా ఆయన "వచ్చే ఓడకి చూద్దాం" అన్నాడు. కిందటేడు ఆగస్టులో ఓడ రేవులో ఉండగానే ఆమె రక్తం కక్కింది. ఓడ డాక్టరు తీసుకుపోతానన్నాడు. దారిలో పోతే సముద్రంలో పారేస్తారు, ఇక్కడ నేలైనా ఉంటుంది అన్నాడు పలాసి. ఓడ వెళ్ళిపోయింది. ఆవిడ క్రిస్మస్‌కి లేచి కూర్చుంది, ఫిబ్రవరికి రొట్టెలు కాల్చింది, ఏప్రిల్‌లో నిచ్చెన వేసుకుని కప్పు మీది మంచు పారతో తోసింది. ఈసారి ఓడకి వెళ్తానని మంచుకి చెప్పింది, కుక్కలకి చెప్పింది, చివరికి ఆయనకీ చెప్పింది. ఆయన వద్దనలేదు. రొట్టెకి వెన్న రాసుకున్నాడు.

మే వచ్చింది. సూర్యుడు అస్తమించడం మానేశాడు. తెల్లటి చిన్న మంచుపిట్టలు దిగాయి. ఎనిమిది నెలల చెత్త, కుక్కల మలం, సీలు పేగులు, ఎవరో పోగొట్టుకున్న చెప్పు, అన్నీ ఒక్కొక్కటిగా మంచులోంచి మొహం బయటపెట్టాయి. వాసనకి దూరాన ధ్రువపు ఎలుగు ముక్కు మూసుకుని వెనక్కి తిరిగిందని వేటగాళ్ళు ప్రమాణం చేశారు. ఇంట్లో ఏ మార్పూ లేదు. ఆరింటికి ఆయన గడియారానికి తాళం ఇస్తాడు, చలి ఎంతుందో చూసి రాస్తాడు, ఆవిడ రై పిండి జావ పెడుతుంది. మధ్యాహ్నం మూడింటికి కాఫీ. మూడు గంటలకి ఆయన గుమ్మంలో తల వంచితే గడియారం సరిగ్గా నడుస్తున్నట్టు లెక్క. బట్టలు ఆరేస్తే చెక్కల్లా బిగుసుకునేవి. ఆయన చొక్కాలు గాలికి ఊగుతుంటే ఆయనే వరసగా నిలబడి సుద్దులు చెబుతున్నట్టుండేది.

మారింది ఊరు. పలాసమ్మ మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. ఒకడు సీలు కళ్ళు రెండూ తెచ్చి ఇచ్చాడు, అవి ఇంటి పెద్దకి పెట్టేవి. ఒకామె కొమ్ము తిమింగలం తోలు ముక్క, కొవ్వుతో సహా తెచ్చింది. నీళ్ళ బిందె ముట్టుకోనిచ్చేవారు కాదు. చర్చిలో ముందు వరసలో ఆమెకి గొర్రెతోలు పరిచారు. ఇయాకి ముసలమ్మయితే, మతం రాకముందు రోజులు చూసినవాళ్ళలో మిగిలింది ఆవిడొక్కతే, రోజూ వచ్చి థోరా చేయి పట్టుకుని కూర్చుని, కాఫీ తాగి వెళ్ళేది. ముప్ఫై ఏళ్ళకి మనుషులు తనని గుర్తుపట్టారని, అదీ తను వెళ్ళిపోయే ఏడని, థోరాకి ఒకటి రెండుసార్లు కళ్ళు తడిశాయి.

అసలు సంగతి సబీనా నోట బయటపడింది. సబీనాకి ఏడో నెల. ఆ తీరంలో పుట్టిన బిడ్డకి ఈమధ్యే పోయినవాళ్ళ పేరు పెడతారు. ఆడా మగా చూడరు. పోయినవాళ్ళు ఆ పేరుతో తిరిగొచ్చినట్టే లెక్క, వాళ్ళ వరసలతోనే బిడ్డని పిలుస్తారు. పేరు దొరకని బిడ్డకి చలి పడుతుంది. ఆ ఏడు పోయిన నలుగురి పేర్లూ అప్పటికే నలుగురు పసివాళ్ళు తీసేసుకున్నారు. సబీనా ఒక కుండలో ఉడికిన సీలు గుండె తెచ్చి బల్లమీద పెట్టి, పొట్ట నిమురుకుంటూ చాలాసేపు నసిగింది. థోరా పేరు మంచిదంది. కుట్టుపనిలో చేయి మంచిదంది. ఇంత వయసుకీ పళ్ళు ఎంత బాగున్నాయో అంది.

"ఏం కావాలే నీకు, సూటిగా చెప్పు," అంది థోరా.

"మీ పేరండీ, అమ్మగారూ. ఇంకెవరికీ మాటివ్వకండి," అంది సబీనా. "తొందరేం లేదండీ. జూలై పదికల్లా అయితే చాలు."

థోరా చాలాసేపు ఆ గుండెకాయ వైపు చూసింది. తర్వాత దాన్ని తినేసింది, వేడిగా ఉందని. సబీనాని పంపించి, తోలు బూట్లు తొడుక్కుని చర్చి వెనక మిట్ట ఎక్కింది.

మంచు కరిగి నాలుగు గోతుల మీది రాళ్ళ గుట్టలు బయటపడ్డాయి. పక్కన ఐదోది, కప్పుతో ఉంది. మిగతావాటికి విరిగిన పడవ చెక్కలు కప్పారు. దీనికి వేసింది ఆకుపచ్చ రంగు తలుపు, ఇత్తడి పిడితో. తన రొట్టెల అలమర తలుపు. కీలు వదులైంది, బాగుచేయిస్తానని సెప్టెంబరులో ఆయన ఊడదీసి తీసుకెళ్ళాడు. చలికాలమంతా ఎలుకలు రొట్టె తిన్నాయి. అడిగినప్పుడల్లా "మనాసే దగ్గరుంది" అన్నాడు. ఆవిడ తలుపు ఎత్తి చూసింది. గొయ్యి నాలుగు పక్కలా రెండేసి వేళ్ళు తక్కువగా, తలుపంతే ఉంది.

తలుపు చిన్నదే అయినా ఓక్‌ది. దాన్ని వీపున వేసుకుని ఆవిడ మిట్ట దిగుతుంటే తలుపే కాళ్ళొచ్చి నడుస్తున్నట్టు కనబడింది. ఊరంతా గుమ్మాల్లోకి వచ్చి చూసింది. ఎవరూ నవ్వలేదు. మనాసే ఎదురొచ్చి ఒక చివర పట్టుకున్నాడు.

మూడింటికి పలాసి గుమ్మంలో తల వంచేసరికి తలుపు కీళ్ళ మీద ఉంది. ఆయన దాన్ని చూశాడు, కూర్చున్నాడు, రొట్టె కాఫీలో ముంచాడు.

"ఏమండీ, ఆ ఐదోది ఎవరికి?" అంది థోరా.

"ఆగస్టులో రక్తం కక్కింది నువ్వే కదా."

"కొలిచారా?"

"కొలవడం ఎందుకు, తలుపుంది."

"నేను బతికాను."

"అవును," అన్నాడు ఆయన. రొట్టె ముక్క విరిగి కాఫీలో పడింది. దాన్ని చెంచాతో తీస్తూ, "ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి తప్పింది," అన్నాడు. ఆ గొంతులో నిజమైన బాధ ఉంది. తన కోసం అంత బాధపడగా ఆవిడ ఎప్పుడూ వినలేదు.

ఆయన అబద్ధమాడే మనిషి కాదు. అడిగితే అన్నీ చెప్పాడు. నేలలోకి దింపేటప్పుడు చదవడానికి ప్రసంగం కూడా రాసి బైబిలులో పెట్టాడు. ఆవిడ తీసి చదివింది. అర పేజీ. ఓపిక గల మనిషి అని ఉంది. ఎవరినీ ఎప్పుడూ ఏమీ అడగలేదు అని ఉంది. ఇంకొకటి, కిందటేడు వెళ్ళిన ఓడలోనే అగ్నెటెకి ఉత్తరం పంపేశాడు, గది అట్టే పెట్టి ఉంచనక్కరలేదని. ఉత్తరాలు ఏడాదికొక్కసారి పోతాయి కాబట్టి, జరగబోయేది ముందే రాయడం మంచిదనుకున్నాడట.

"అయినా నేను వెళ్తాను," అంది థోరా.

"గొయ్యి అలా వదిలేస్తే జనం నవ్వుతారు," అన్నాడు ఆయన. "తలుపు ఇచ్చెయ్. మంచునీళ్ళు దిగుతాయి."

ఆవిడ తలుపు తీసి, రొట్టె లోపల పెట్టి, మూసింది. ఇత్తడి పిడి టక్కుమంది.

ఊరు రెండుగా చీలింది. రాళ్ళతో పూడ్చేద్దామన్నవాళ్ళు కొందరు. పలాసి లెక్క ఎప్పుడైనా తప్పిందా, ఆగి చూద్దామన్నవాళ్ళు ఎక్కువమంది. థోరా దగ్గితే వీధిలో పిల్లలు ఆట ఆపేవారు. మనాసే రెండుసార్లు వెళ్ళి పూడ్చమంటారా అని అడిగాడు. తవ్వింది వృథా చేయడం పాపం, ఈ శరత్తుకి పనికొస్తుంది, ఆవిడ ఎక్కడికీ వెళ్ళదు అన్నాడు పలాసి. కప్పు లేని గోతిలోకి పగలంతా కరిగిన నీరు దిగేది, నీడ పడేసరికి అడుగున అద్దంలా గడ్డకట్టేది, గోడలు కూలేవి. పడవ చెక్కలు చలికాలంలోనే పొయ్యిల్లోకి పోయాయి, వేరే చెక్క వేయడానికి ఆ తీరంలో చెట్టన్నది మొలిస్తేగా. రోజూ ప్రార్థన అయ్యాక ఆయన చిన్న నిచ్చెన, బకెట్టు పట్టుకుని వెళ్ళి ఆ గొయ్యి తోడేవాడు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, భార్య గొయ్యిని పసిబిడ్డలా చూసుకున్నాడు. థోరా వంటింటి కిటికీలోంచి బకెట్టు పైకి రావడం, తిరగబడటం, కిందకి పోవడం చూస్తూ పెట్టె సర్దుకునేది.

జూన్ ఆఖరు వారంలో ఒకరోజు మగాళ్ళంతా మంచు అంచుకి వేటకి పోయారు. ఆ ఏడు మంచు తొందరగా విచ్చుకుంటోంది. మూడు గంటలైంది. గుమ్మంలో తల వంగలేదు. థోరా కాఫీ పోసుకుని తాగింది. కాసేపు చూసి ఆయన గిన్నెలోదీ తాగింది. బకెట్టు పైకి రావడం ఎప్పుడో మానేసింది. మిట్ట మీంచి ఏదో వినబడిందని పక్కింటి పిల్ల తర్వాత చెప్పింది. కుక్క అనుకున్నానని థోరా చెప్పింది. ఆవిడకి చెవుడు లేదు, ఆ ఒక్క మధ్యాహ్నానికి మాత్రం వచ్చింది. ఒక గిన్నె తాగిందని కొందరు, మూడు తాగిందని కొందరు, ఊరి మాట కదా. నాలుగున్నరకి మాత్రం బూట్లు తొడుక్కుంది.

ఆయన గోతి అడుగున మంచు మీద జారి, తుంటి విరిగి, నడుందాకా నీళ్ళలో ఉన్నాడు. పొడుగుమనిషి కావడం వల్ల ఆ గోతిలో పడుకోవడానికి కూడా చోటు చాలక, గోడకి ఆనుకుని మెడ వంచి కూర్చున్నాడు. "మూడు దాటిందా?" అని అడిగాడు.

"దాటింది," అంది థోరా.

ఆడవాళ్ళంతా కలిసి సీలు వలతో పైకి లాగారు. మూడు రోజులు జ్వరం. థోరా రాత్రనక పగలనక పక్కనే కూర్చుంది, తడిగుడ్డ మార్చింది, ఒక్క మాట తప్పు పట్టడానికి లేదు. మూడో రోజు ఆయనకి తెలివి వచ్చింది. కిటికీ వైపు చూసి, వేళ్ళు ఒక్కొక్కటీ మడిచాడు.

"ఐదు," అన్నాడు. మొహం విచ్చుకుంది. లెక్క సరిపోయిన ఆనందంతో పోయాడు.

ఆ మర్నాడే ఓడ పొగ కనబడింది. కెప్టెను ఒడ్డుకి వచ్చి తొందరపెట్టాడు. గాలి మారితే మంచు మూసుకుంటుంది, రేపు మధ్యాహ్నం లంగరు ఎత్తాల్సిందే. ఉత్తరాల సంచీలో ఒకటి పలాసి పేరున ఉంది. థోరా విప్పింది. అగ్నెటె కూతురు రాసింది. పిన్ని పోయిందని అమ్మ ఎంతో ఏడ్చిందని, ఆ దిగులుతోనే అమ్మ కూడా జనవరిలో కన్నుమూసిందని, మేడమీద గది ఒక బడిపంతులికి అద్దెకిచ్చామని, బాబాయికి దేవుడు ఓదార్పునివ్వాలని. థోరా దాన్ని మడిచి పొయ్యిలో పెట్టింది. కాఫీ కాచుకోవడానికి మంట సరిపోయింది.

మనాసే గుమ్మంలో నిలబడ్డాడు, టోపీ చేతుల్లో నలుపుతూ. నేల ఇంకా జానెడే కరిగిందన్నాడు. ఉన్న గొయ్యి అలమర తలుపంత. పలాసి చర్చి గుమ్మం కంటే పొడుగు. రెండు జానలు పెంచాలంటే మూడు రోజులు. ఓడ రేపు. అమ్మగారు ఉండి మట్టి వేసి వచ్చే ఏడు వెళ్తారా, ఎలా చెయ్యమంటారు అని అడిగాడు. మనిషి నేల చూపులు చూస్తున్నాడు. చూపు ఎత్తితే అందులో ఏముందో కనబడుతుందని భయం.

పొయ్యి దగ్గర కూర్చున్న ఇయాకి ముసలమ్మ కాఫీ ఊదుకుంటూ, "మా నాన్నని పాత పద్ధతిలోనే పెట్టాం. సుఖంగానే ఉన్నాడు. ఎప్పుడూ లేచొచ్చి గొడవ చెయ్యలేదు," అంది.

థోరా గిన్నె కింద పెట్టింది.

"మడవండి," అంది.

మనాసే ఒక్కడే ఆ పని చేశాడు, ఎవరినీ రానివ్వలేదు. విరిగిన వైపు తేలిగ్గా వంగిందట. రెండోది కొంచెం మొరాయించింది. మోకాళ్ళు గడ్డం కిందకి తెచ్చి, సీలు తోలులో చుట్టి, తోలుతాడుతో కట్టాడు. తల్లికి కట్టిన ముడే వేశాడని, గోతిలోకి దింపేటప్పుడు చూసినవాళ్ళు చెప్పారు. అందులో కోపం లేదు, తొందర లేదు. చాలా నేర్పుగా చేశాడు.

ప్రసంగానికి వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. థోరా బైబిల్లోంచి ఆ అర పేజీ తీసి ఇచ్చింది. మనాసే గోతి అంచున నిలబడి పేరు మార్చి చదివాడు. ఓపిక గల మనిషి. జనం తలలు వంచుకున్నారు. ఎవరినీ ఎప్పుడూ ఏమీ అడగలేదు అన్నచోట వెనక వరసలో ఒకడికి దగ్గు పట్టుకుంది, అది వరసంతా పాకింది. సబీనా ఆ దగ్గులో పాలు పంచుకోలేకపోయింది. తెల్లవారగట్ల నొప్పులు మొదలై, మిట్ట కింద ఇంట్లో కేకలు పెడుతోంది.

మధ్యాహ్నం థోరా రేవుకి దిగింది. ఒక పెట్టె, ఒక గొడుగు, వీపున ఆకుపచ్చ తలుపు. అదెందుకని కెప్టెను అడిగితే, ఎక్కడికెళ్ళినా రొట్టెకి ఎలుకలుంటాయి అంది. ఎక్కడికో మాత్రం చెప్పలేదు. ఆవిడకీ తెలియదు.

పడవలోకి కాలు పెడుతుండగా సబీనా తల్లి పరుగెత్తుకొచ్చింది, తోలుసంచీలో గంట కిందట పుట్టిన బిడ్డతో. ఆడపిల్ల. ముడతల మొహం, నెత్తిన ఒక్క వెంట్రుక లేదు, నోట్లో ఒక్క పన్ను లేదు. పేరు ఆంటన్.

"వరస పెట్టి పిలవాలండీ అమ్మగారూ," అంది ఆమె రొప్పుతూ. "మీ ఆయనే కదా. మీరు పిలవకుండా వెళ్తే పేరు అంటుకోదు."

రేవు రేవంతా చూస్తోంది. థోరా తలుపు కింద పెట్టింది. వంగి, ఆ మొహంలోకి చాలాసేపు చూసింది.

"ఏమండీ, నేను వెళ్తున్నాను," అంది.

బిడ్డ ఆవలించి నిద్రపోయింది. ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి ఆయన వచ్చే ఓడకి చూద్దామనలేదు.